పిచ్చుకల గూడని కొంటే నలంచి కాపురం పెట్టింది

పిచ్చుకల కోసమైతే ఈ గూడు పెట్టె కొనకండి. నలంచి అనే నలుపు తెలుపు పాటల పిట్ట కోసమైతే కొనుక్కోవచ్చు, కాకపోతే ఇంటికి తెచ్చాక సుత్తి, రంపం పట్టుకుని ఓ గంట కూర్చోవాలి. తొందరలో ఉన్నవాళ్ళకి ఇంతవరకు చాలు. మిగతాది తీరిగ్గా చదివేవాళ్ళకి.

ముందు సరుకు సంగతి. ప్లైవుడ్ పెట్టె, అడుగు ఎత్తు కూడా ఉండదు. ముందువైపు గుండ్రటి కన్నం, కన్నం కింద చూపుడువేలంత పుల్ల, పైన మడతబందులతో తెరుచుకునే ఏటవాలు మూత, వెనక మేకుకి తగిలించే ఇనప పట్టీ. గోడలకి చిలకపచ్చ రంగు, మూతకి పసుపు. ధర 350 రూపాయలు. గుంటూరులో అక్వేరియం చేపలు, కుక్కల మేత, పంజరాలు అమ్మే ఒక కొట్లో కొన్నాను. కొట్టు పేరు రాయడం లేదు. ఇదే పెట్టె, ఇవే రంగుల్లో, ఊళ్ళో ఇంకొన్ని చోట్ల కూడా వేలాడుతోంది, ఆ కొట్టాయనొక్కడినే అనడం న్యాయం కాదు.

నేను మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాని. టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, పైన కనపడే కాయ చూసి ధర రాస్తే మా షావుకారు నన్ను ఎప్పుడో ఇంటికి పంపేసేవాడు. లోపలికి చెయ్యి పోనిచ్చి అడుగు కాయ పైకి తీయాలి, తాలు, అంటే నాసి కాయ, ఎంత ఉందో, తడి ఎంత ఉందో చూడాలి. ఈ పెట్టెనీ అలాగే చూశాను. పైన కాయ బ్రహ్మాండంగా ఉంది.

స్టిక్కర్ మీద ‘పిచ్చుకల ఇల్లు’ అని ఉంది. పక్కన బొమ్మ మాత్రం ఎర్రరొమ్ము రాబిన్‌ది, క్రిస్మస్ కార్డుల మీద కనపడే యూరప్ పిట్ట. అది దారి తప్పి కూడా గుంటూరు రాదు. బొమ్మ వేసినవాడికి పిచ్చుక తెలీదంటే నేను నమ్మను. దాని మట్టిరంగు స్టిక్కర్ మీద అమ్ముడుపోదని అనుకుని ఉంటాడు.

అసలు చూడాల్సింది కన్నం. పిట్టల పెట్టెలో కన్నం సరిగ్గా ఉంటే మిగతా లోపాలు మనం సర్దుకోవచ్చు. అది తేడాగా ఉంటే మిగతావన్నీ ఎంత బాగున్నా ఉపయోగం లేదు, ఎందుకంటే లోపలికి ఎవరు రావాలో, ఎవరు రాకూడదో తేల్చేది అదే. ఊరపిచ్చుకకి 32 మిల్లీమీటర్ల కన్నం సరిపోతుంది. చేతిలో స్కేలు లేకపోతే పది రూపాయల బిళ్ళ పెట్టి చూడండి. బిళ్ళ అడ్డకొలత 27 మిల్లీమీటర్లు, కాబట్టి చుట్టూ సన్నటి సందు మాత్రమే మిగలాలి. ఈ పెట్టె కన్నంలో బిళ్ళ పెడితే చుట్టూ బోలెడంత సందు మిగిలింది. మా చిన్నదాని జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి కొలిస్తే 50 మిల్లీమీటర్లు.

కొట్లో ఉండగానే అనుమానం వచ్చి అడిగాను.

“తమ్ముడూ, ఈ కన్నం పిచ్చుకలకి పెద్దది కాదా?”

“ఏ పిట్టైనా పడుతుందంకుల్. ఆల్ రౌండర్ బాక్స్.”

“అంటే కాకి కూడానా?”

“కాకి రాదంకుల్, కాకికి ఇల్లెందుకు?”

కుర్రాడు మంచివాడే. వాడి వెనకే జవాబు వేలాడుతోంది. పెద్ద పంజరంలో లవ్ బర్డ్స్, వాటి మధ్య గుడ్లు పెట్టుకోడానికి ఒక చెక్క పెట్టె. దానికీ ఇదే కన్నం, కన్నం కింద ఇదే పుల్ల. పంజరం చిలకల పెట్టెకే రంగులేసి, మూత ఏటవాలు చేసి, పిచ్చుకల ఇల్లని స్టిక్కర్ అంటించారు. ఒక అచ్చులో రెండు సరుకులన్నమాట. తెలిసీ ఎందుకు కొన్నావని మా ఆవిడ అడిగింది. మా పెరట్లో ఎవరు తిరుగుతారో నాకు తెలుసు కాబట్టి కొన్నాను.

మా ఇల్లు కొరిటెపాడులో. పెరడంటే పెద్దదేం కాదు. ఒక మునగచెట్టు, ఒక నిమ్మచెట్టు, కరివేపాకు, నీళ్ళ తొట్టి పక్కన ఎప్పుడూ తడిగా ఉండే కాస్త నేల. ఆ తడినేల మీద పొద్దునా సాయంత్రం తోక నిక్కబొడుచుకుని గెంతుతూ తిరిగే నలుపు తెలుపు పిట్ట మీ ఇంటి దగ్గరా ఉంటుంది, చూసే ఉంటారు. పక్షుల పుస్తకాల్లో పెద్ద నలంచి అని ఉంటుంది. గోరింక కంటే చిన్నది, పిచ్చుక కంటే పెద్దది, ముక్కు కొస నుంచి తోక చివరిదాకా 19 సెంటీమీటర్లు. మగదానికి తల, వీపు, రొమ్ము నిగనిగలాడే నలుపు, పొట్ట తెలుపు, రెక్క పొడవునా ఒక తెల్ల పట్టీ, తోక అంచు ఈకలు తెలుపు. ఎండ పడితే ఆ నలుపులోంచి నీలం మెరుస్తుంది. ఆడదానికి ఆ నలుపంతా బూడిదరంగు, మిగతా అంతా అదే కుట్టు. ఇంకొంచెం చిన్నగా ఉండి, తోక ఎత్తినప్పుడు కింద ఇటుకరంగు కనపడితే అది ఉత్త నలంచి, వేరే జాతి. అది బీళ్ళలో, రాళ్ళగుట్టల దగ్గర ఎక్కువ. పొరుగుదేశం బంగ్లాదేశ్‌కి ఈ పెద్ద నలంచే జాతీయ పక్షి, అక్కడ దోయెల్ అంటారు, రెండు టాకాల నోటు మీద దాని బొమ్మ ఉండేది. మన దగ్గర దానికి ఏ గౌరవమూ లేదు, రేషన్ కార్డు లేని మనిషిలా తిరుగుతుంది.

చలికాలంలో అది ఉన్నట్టే తెలీదు. పొదల్లో నక్కి ఎప్పుడైనా ఒక సన్నటి కూత. మార్చి వచ్చేసరికి మగది మునగచెట్టు చిటారుకొమ్మ ఎక్కుతుంది. యార్డులో సీజన్ మంచి ఊపు మీద ఉండే రోజులు, తెల్లారకముందే లేవాలి, అప్పటికే అది మొదలుపెట్టేసి ఉంటుంది. ఈల మీద ఈల, మధ్యలో ఇంకో పిట్ట కూతని ఎత్తుకుని తనదిగా కలిపేయడం. ఈ పాట కోసమే పూర్వం దీన్ని పట్టి పంజరాల్లో పెంచేవాళ్ళు. ఇప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు అడవిపిట్టని పట్టినా, అమ్మినా నేరం. ఇప్పుడు కొట్లలో లవ్ బర్డ్స్ మాత్రమే కనపడడానికి అదొక కారణం, అవి ఆస్ట్రేలియా, ఆఫ్రికాల సంతతి.

నలంచి గూడు సొంతంగా అల్లి కొమ్మకి కట్టదు. చెట్టు తొర్ర, గోడలో ఇటుక ఊడిన చోటు, పాత ఇంట్లో పనిలేని పైపు సందు, ఇలాంటివి వెతుక్కుంటుంది. మా వీధిలో పాత పెంకుటిళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. సిమెంటు గోడకి సందు ఎక్కడుంటుంది? అందుకే 50 మిల్లీమీటర్ల కన్నం పిచ్చుకకి ఎక్కువైనా దీనికి అతికినట్టు సరిపోయింది. తయారీదారు తెలివి కాదిది, అదృష్టం.

ఇక పెట్టెలో మరమ్మతు చేసుకోవాల్సినవి చెబుతాను. అన్నిటికంటే ముందు ఆ పుల్ల పీకేయండి. తొర్రలో కాపురముండే పిట్టకి గుమ్మం ముందు పుల్ల అక్కర్లేదు, గోళ్ళతో కన్నం అంచే పట్టుకుని వాలుతుంది. పుల్ల పనికొచ్చేది కాకికి, గోరింకకి, జెముడుకాకికి. తీరుబడిగా దాని మీద కూర్చుని లోపలికి తల పెట్టొచ్చు. రంపంతో రెండు లాగులు చాలు. తర్వాత మూత తెరిచి లోపల వేలితో తడమండి. నా పెట్టెలో వెనక పట్టీకి కొట్టిన మేకుల మొనలు లోపలికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒంటి మీద ఈక కూడా లేని పిల్లలు ఉండబోయే చోట అది. కనీసం చేత్తో తడిమి చూసి ఉంటే ఫ్యాక్టరీలోనే తెలిసేది. మొనలు వంచి, సుత్తితో అణగ్గొట్టాను. అడుగున నీళ్ళు పోయే చిల్లులు లేవు, నాలుగు మూలలా సన్నగా నాలుగు చిల్లులు వేయించాను. లోపల కూడా పెయింట్ కొట్టారు, అదెందుకో ఆ దేవుడికే తెలియాలి. ఆ వాసన పోయేదాకా మూత తెరిచి డాబా మీద ఎండలో పడేశాను. లోపలి గోడ మరీ నునుపుగా ఉంది, పిల్లలు పైకి ఎక్కి రావడానికి పట్టు దొరకదు. కన్నం కింద లోపలివైపు ఆకురాయితో అడ్డంగా గీతలు పెట్టాను. కన్నానికీ అడుగుకీ మధ్య లోతు నాలుగంగుళాలే. ఇంకో రెండంగుళాలు ఉండాల్సింది. దీన్ని మాత్రం మనం ఏమీ చేయలేం.

ఎక్కడ తగిలించాలో పెట్టె మీద ఒక్క ముక్క రాయలేదు. చేపల మేత డబ్బా మీద కూడా రోజుకి ఎంత వేయాలో రాస్తారు. పడమటి గోడకి పెట్టకండి. ప్లైవుడ్ పల్చగా ఉంటుంది, రోహిణి కార్తెలో లోపల ఉడికిపోతుంది. రెంటచింతల మన ఉమ్మడి జిల్లాలోదే, ఎండ సంగతి మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను తూర్పు గోడకి, కిటికీ సన్‌షేడ్ కింద, చెయ్యెత్తినా అందనంత ఎత్తులో పెట్టాను. సంక్రాంతి వెళ్ళాక పెట్టడం మంచిదైంది. అవి చోటు చూసుకునే కాలానికి పెట్టె గోడకి పాతబడి ఉంది. మేకు చుట్టూ కాస్త గ్రీజు రాయండి, చీమల బాధ తగ్గుతుంది.

మొదట మగది వచ్చి పెట్టె మీద వాలింది. లోపలికి పోలేదు. ఆడది చుట్టుపక్కల ఉన్నప్పుడు తోక విసనకర్రలా విప్పి, ఒళ్ళు ఉబ్బించి, ముక్కు ఆకాశానికెత్తి అటూ ఇటూ నడిచింది. ఆ టెక్కు చూసి మా అమ్మ నవ్వింది, “పెళ్ళిచూపుల్లో మీ నాన్న ఇట్లాగే ఉన్నార్రా” అని. ఆడది అదేం పట్టించుకోకుండా నిమ్మచెట్టు కింద ఆకులు తిరగేసుకుంటూ ఉంది. ఉన్నట్టుండి ఒకనాటి పొద్దున ముక్కునిండా ఎండుగడ్డి పెట్టుకుని కన్నంలోకి దూరింది. గూడు సర్దే పని చాలావరకు దానిదే. గడ్డి, సన్నటి వేళ్ళు, మా ఆవిడ పారేసిన కొబ్బరిపీచు. కన్నం అంచున ఒక క్షణం ఆగి, వెనక్కి తిరిగి చూసి, అప్పుడు లోపలికి పోయేది. పీచు అడ్డంగా పట్టుకుని వస్తే కన్నానికి తట్టుకునేది. ఒకసారి వెనక్కి వచ్చి, గోడ మీద పెట్టి, చివర పట్టుకుని మళ్ళీ ప్రయత్నించింది. మనం మంచం గుమ్మంలోంచి తీసుకెళ్ళడానికి పడే తిప్పలే, మనమైతే పక్కవాణ్ణి తిడతాం.

మూత తెరుచుకునే వీలుండటం ఈ పెట్టెలో నిజంగా మెచ్చుకోవాల్సిన సంగతి. ఆడది మేతకి పోయినప్పుడు స్టూలెక్కి, మూత తెరిచి, ఫోనుతో ఒక ఫోటో తీశాను, ఆ తర్వాత మూత జోలికి పోలేదు. గుడ్లు పలచటి నీలం ఆకుపచ్చ కలిసిన రంగు, దాని మీద గోధుమరంగు మచ్చలు, గడ్డిలో కలిసిపోయేలా. ఈ జాతి మామూలుగా నాలుగైదు గుడ్లు పెడుతుంది, రోజుకొకటి చొప్పున. పొదిగేది ఆడదొక్కటే, 8 నుంచి 14 రోజులు పడుతుంది. మీరు ఫోటో తీసేది ఉంటే పొదుగు మొదలయ్యాక వద్దు. పదేపదే మూత ఎత్తితే గూడు వదిలేసి పోతుంది, అప్పుడు పెట్టె బాగోలేదని ఒక్క స్టార్ ఇవ్వకండి.

మగది పొదగదు కానీ ఊరికే కూర్చోదు. కాపలా దాని వంతు. నా బండి అద్దంలో దాని బొమ్మ దానికే కనపడేసరికి ఇంకో మగది వచ్చిందనుకుని ముక్కుతో పొడవడం మొదలుపెట్టింది. అద్దమంతా రెట్టలు, గీతలు. యార్డుకి వెళ్ళేటప్పుడు తుడుచుకోవడం, వచ్చాక మళ్ళీ అదే తంతు. రెండు అద్దాలకీ మా చిన్నదాని పాత స్కూలు సాక్సులు తొడిగాను, గొడవ ఆగింది. వీధిలోవాళ్ళు దిష్టికనుకున్నారు.

జెముడుకాకి వచ్చిన రోజు మాత్రం పుల్ల పీకిన విలువ తెలిసింది. గుడ్లు, పిల్లలు దొరికితే వదలని పిట్ట అది. గోడ మీద నుంచి బరువుగా ఎగిరి పెట్టె ముందుకి వచ్చింది, కాలు పెట్టడానికి చోటు లేక రెక్కలు కొట్టుకుని మళ్ళీ గోడెక్కింది. నలంచి దాని నెత్తి మీదకి దూకుతూ గరగరమని ఒకటే అరుపు, పొద్దున్నే పాడే గొంతు ఇదేనా అనిపించేంత మోటుగా. పిగిలిపిట్టలు కూడా వచ్చి అరిచాయి. చివరికి జెముడుకాకి పక్కింటి వేపచెట్టులోకి జారుకుంది. ఆ లోతు తక్కువ పెట్టెకి పుల్ల కూడా ఉండుంటే కథ వేరేగా ఉండేది.

యార్డుకి వేసవి సెలవులు ఇచ్చాక నేను ఇంటిపట్టునే ఉన్నాను, మేత పెట్టడం దగ్గరుండి చూశాను. ఇద్దరూ తెస్తారు, ఆడది ఎక్కువ తెస్తుంది. గొంగళిపురుగు, మిడత, వానపాము, ఒకసారి చిన్న బల్లిపిల్ల. గింజ ముట్టదు. గూడు పెట్టె పక్కన చిన్న గిన్నె తగిలించి ‘మేత పాత్ర’ అని ఇంకో వంద రూపాయలకి అదే కొట్లో అమ్ముతున్నారు. జొన్నలు పోయమంటారు. నలంచికి అది దండగ. దానికి కావాల్సింది ఊడ్వని నేల. నిమ్మచెట్టు కింద రాలిన ఆకు అలాగే ఉండనిమ్మని మా ఆవిడతో ఒప్పందం చేసుకున్నాను, బదులుగా నీళ్ళ తొట్టి కడిగే పని నా మెడకి చుట్టుకుంది. మునగచెట్టుకి గొంగళిపురుగు పట్టిందని ప్రతి ఏడూ మందు కొట్టించేవాళ్ళం, ఈసారి కొట్టించలేదు. మందు కొట్టిన చెట్టు పక్కన గూడు పెట్టె కట్టడం నాకు నచ్చలేదు. వీళ్ళ పని వేళ కూడా తెలుసుకోండి. మిగతా పిట్టలు సర్దుకున్నాక, మసక చీకట్లో, వీధి దీపం వెలిగాక కూడా నలంచి నేల మీద వెతుకుతూనే ఉంటుంది. ఆ వేళప్పుడు పెరటి తలుపు దగ్గర కుర్చీలు వేసుకుని కబుర్లు చెప్పుకోవడం మేం మానేశాం, ముందు గదిలోకి మారాం.

పిల్లలు రెండు వారాలు తిరగకముందే కన్నంలో తల పెట్టి చూడటం మొదలుపెట్టాయి. వాటికి అమ్మానాన్నల నలుపు తెలుపు లేదు. తల, వీపు గోధుమరంగు, పొలుసులు పరిచినట్టు మచ్చలు, తోక మొండి. బయటికి వచ్చినవాటిని మునగకొమ్మల్లో పట్టుకోవడం కష్టం, అరుపుని బట్టి తెలుసుకోవాలి. ఎగరడం సరిగ్గా రాకముందే కిందపడితే ఎత్తి మళ్ళీ పెట్టెలో పెట్టకండి, పిల్లి అందని కొమ్మ మీద పెట్టి తప్పుకోండి, తల్లి అరుపు విని వస్తుంది. ఎదురింటి మామ్మగారు మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదని గట్టిగా చెప్పారు. మేం పెట్టిన పిల్లకి పావుగంటలో మేత అందింది. ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోలేదనుకోండి.

పిచ్చుకలు కావాల్సినవాళ్ళ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. పిచ్చుక ఒంటరి కాపురం చేసే పిట్ట కాదు, పది ఇళ్ళు పక్కపక్కనే ఉండాలి. మీ వీధిలో ఇప్పటికే పిచ్చుకలు తిరుగుతుంటేనే పెట్టె కట్టండి, ఒకటి కాదు, రెండు మూడు దగ్గర దగ్గరగా. కొరిటెపాడులో మా వైపు లేవు. పట్నంబజారులో మా బావమరిది కిరాణా కొట్టు దగ్గర బోలెడున్నాయి. బస్తాల నుంచి రాలే గింజలు, రోలింగ్ షట్టర్ పైన గొట్టం పక్కన దూరడానికి చోటు, ఇంకేం కావాలి వాటికి. అక్కడ వాడు వడ్రంగి చేత పాత తలుపు చెక్కతో 32 మిల్లీమీటర్ల కన్నాలు పెట్టించి మూడు పెట్టెలు చేయించాడు. రంగు లేదు, పుల్ల లేదు, స్టిక్కర్ లేదు. మేస్త్రీ కూలీతో కలిపి ఒక్కోటి ఈ ప్లైవుడ్ పెట్టె ధరకే పడింది. పక్కనే వరి కుచ్చులు కూడా కట్టాడు, సంక్రాంతికి పల్లె నుంచి తెచ్చి. రెండు పెట్టెల్లో పిచ్చుకలు దిగాయి. గొంతు కింద నల్ల మచ్చ ఉన్న మగది కన్నం దగ్గర కూర్చుని పొద్దస్తమానం కిచకిచలాడుతుంది, చోటు తనదని చెప్పుకోవడం అది. మూడో పెట్టె షట్టర్ చప్పుడుకి మరీ దగ్గరగా ఉంది, అందుకే ఖాళీ అని వాడి అభిప్రాయం. పెద్ద పిచ్చుకలు గింజలు తిన్నా పిల్లలకి మొదట్లో పురుగులే పెట్టాలి, కాబట్టి కుచ్చులు కట్టి ఊరుకోకుండా రెండు కుండీల్లో తులసి, బంతి పెంచమన్నాను. బంతి పెట్టాడు.

మన్నిక విషయంలో నాకు పెద్ద ఆశల్లేవు. మే నెలలో వచ్చిన ఒక్క గాలివానకే మూత అంచు ప్లైవుడ్ పొరలు విడిపోయి ఉబ్బింది. మడతబందుల స్క్రూలు మరీ పొట్టివి, ఒకటి ఊడి చేతికొచ్చింది. సన్‌షేడ్ కింద ఉన్న పెట్టె గతే ఇది, చెట్టుకి కట్టినవాళ్ళది ఇంకెలా ఉంటుందో. పిల్లలు వెళ్ళిపోయాక పాత గడ్డంతా తీసేసి, వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టాను. ఆ గూటికి ఒక రకం వాసన ఉంటుంది, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. కడిగినప్పుడు పచ్చరంగు చేతికి అంటింది. ఉబ్బిన మూత మీద పాత ఫ్లెక్సీ ముక్క కొట్టి, స్క్రూల బదులు కొక్కెం పెట్టించాను. వాటికి అదేం అభ్యంతరం కాలేదు, జూన్‌లో ఆడది మళ్ళీ పీచు మోయడం మొదలుపెట్టింది.

కొట్టువాళ్ళ సర్వీసు సంగతి. లోపలి మేకుల ఫోటో చూపించి మార్చమన్నాను. “వాడినవి మార్చం సార్” అన్నాడు ఓనరు. వాడింది పిట్ట, నేను కాదు అన్నాను. నవ్వాడు, టీ తెప్పించాడు, మార్చలేదు. మేకుల సంగతి పైవాళ్ళకి చెబుతానన్నాడు. మళ్ళీ వెళ్ళి కొత్త స్టాకులో వేలు పెట్టి చూశాను, మొనలు అలాగే ఉన్నాయి.

పిచ్చుకల గూడుగా ఒక స్టారు. నలంచి గూడుగా మూడున్నర. రెండూ కలిపి సగటు తీయకండి, మీ పెరట్లో తిరిగేది ఏదో చూసి ఒక అంకె తీసుకోండి. కొట్టుకి వెళ్తే పుల్ల లేనిది ఉందా అని అడగండి. లేదంటాడు. అయితే పుల్ల కోయడానికి నా కూలీ యాభై తగ్గించమనండి. నాకు తగ్గించలేదు కానీ ఎదురింటి మాస్టారికి తగ్గించాడు.